దమ్ములో తెగని బోల్టు ఖాళీ బండికి ఎందుకు తెగింది

(ఇంజిన్ పని నేర్చుకుంటున్న కుర్రాళ్ల కోసం ఒక సాయంత్రం షెడ్డులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దున్నుంచీ పని చేసి, చేతులకు గ్రీజు కూడా పూర్తిగా వదలకుండానే చాలామంది వచ్చారు. అందుకని ఉపోద్ఘాతం పెట్టను. ముందు ఈ డబ్బాలో ఉన్నవి చూడండి.

ఇవి రెండు బోల్టు ముక్కలు. పిస్టన్‌ని కింద తిరిగే క్రాంక్‌కి కలిపే కడ్డీ ఉంటుంది కదా, అలాంటి ఒకే కనెక్టింగ్ రాడ్‌కి ఉన్న రెండు బోల్టులు. 1996 నుంచి నా దగ్గరే ఉన్నాయి. ఒకరి తర్వాత ఒకరు తీసుకుని చూడండి, అంచులు పదునుగా ఉంటాయి, జాగ్రత్త. తెగిన చోటు రెండింటికీ ఒకేలా ఉందా, తేడా ఉందా? చూసి మనసులో పెట్టుకోండి. తర్వాత అడుగుతాను.

అప్పటికి నేను సొంతంగా షెడ్డు పెట్టుకుని నాలుగేళ్లయింది. ఒక రైతు ట్రాక్టర్ తెచ్చాడు. పొగ, ఆయిల్ తాగడం, దమ్ములో దింపితే లాగలేకపోవడం. ఇంజిన్ దించాం. లైనర్లు, పిస్టన్లు, రింగులు కొత్తవి. క్రాంక్ గ్రైండింగ్ చేయించి అండర్‌సైజ్ బేరింగులు వేశాం. రాడ్ బోల్టులు మాత్రం పాతవే వాడాను. చూడ్డానికి బాగానే ఉన్నాయి. నారుమడి ముదిరిపోతోందని ఆ రైతు రోజూ వచ్చి కూర్చునేవాడు. నాకూ తొందర పట్టుకుంది. ఎంత బలంతో తిప్పుతున్నామో కొలిచే పానా, అదే టార్క్ రెంచ్, అప్పట్లో నా దగ్గర లేదు. నాకు పని నేర్పిన మేస్త్రి దగ్గరా లేదు. పొడుగు పిడి పట్టుకుని లాగితే చేతికి ఒక బిగువు తెలుస్తుంది చూడండి, ఆ బిగువే మాకు కొలత.

బండి వెళ్లింది. పదకొండు రోజులు దమ్ము చేసింది. బురదలో చక్రాలు సగం దాకా దిగబడి, ఫుల్ లోడు మీద, రోజుకు పది గంటలు. ఏమీ కాలేదు. పన్నెండో రోజు దమ్ము చక్రాలు విప్పి, టైర్లు ఎక్కించి, ఖాళీ ట్రాలీ తగిలించుకుని ఇంటికి వస్తున్నాడు. కాలువ గట్టు దిగేటప్పుడు తక్కువ గేరులో ఉన్నాడు. బండి బరువుకు, ట్రాలీ తోపుకు ఇంజిన్ గోల పెట్టింది. ఒక్క చప్పుడు. రాడ్ బ్లాక్‌ని పగలగొట్టుకుని బయటికి వచ్చింది. మనిషికి దెబ్బ తగల్లేదు, అదొక్కటే అదృష్టం. బ్లాక్‌లో నా పిడికిలి పట్టేంత బొక్క.

ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు. బ్లాక్ దగ్గర కూర్చుని, "పదకొండు రోజులు దమ్ములో ఏమీ కాలేదు కదా మేస్త్రీ, ఖాళీగా వస్తుంటే ఎందుకు పోయింది?" అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. బ్లాక్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఖర్చు పెట్టుకోవడం జవాబు కాదు కదా. దాన్ని వెతుక్కోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదు, అందుకే ఈ సాయంత్రం మిమ్మల్ని కూర్చోబెట్టాను.

ముందు ఒక సంగతి. రాడ్ బోల్టు మీద బరువు ఎప్పుడు పడుతుంది? డీజిల్ మండి పిస్టన్‌ని కిందికి తోసినప్పుడు అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అది తప్పు. మంట పిస్టన్‌ని తోసినప్పుడు రాడ్ మీద టన్నుల కొద్దీ ఒత్తిడి పడుతుంది, నిజమే. కానీ ఆ ఒత్తిడి రాడ్ నుంచి పై బేరింగులోకి, అక్కణ్ణుంచి క్రాంక్ పిన్నులోకి పోతుంది. రాడ్ కింది కొసను క్రాంక్ పిన్ను చుట్టూ మూసి పట్టే క్యాప్ కింద ఉంది, దాని మీద ఆ బరువు పడదు. క్యాప్‌ని పట్టుకున్న బోల్టులకు అప్పుడు పనే లేదు.

బోల్టుకు పని పడేది ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర, అంటే పిస్టన్ పైకి వెళ్లి కాలిన పొగను బయటికి తోసే ఊపు చివర. పిస్టన్ వేగంగా పైకి వెళుతోంది. వాల్వు తెరిచే ఉంది, పైన అడ్డుపడే గాలి ఒత్తిడి లేదు. అలా పైకి పోతున్న పిస్టన్‌ని టక్కున ఆపి కిందికి లాగాలి. ఎవరు లాగుతారు? క్రాంక్ పిన్ను క్యాప్‌ని లాగుతుంది, క్యాప్ బోల్టులను లాగుతుంది, బోల్టులు రాడ్‌ని, రాడ్ పిస్టన్‌ని. ఆ క్షణంలో పిస్టన్ మొత్తం రెండు బోల్టులకు వేలాడుతున్నట్టే లెక్క.

లెక్క చూద్దాం. ట్రాక్టర్ ఇంజిన్‌లో పిస్టన్, పిన్ను, రింగులు, రాడ్ పైభాగం కలిపి 2 కిలోలు అనుకోండి. స్ట్రోక్ 110 మిల్లీమీటర్లు. నిమిషానికి 2,200 తిరుగుళ్ల దగ్గర ఆ 2 కిలోల సామాను క్యాప్‌ని దాదాపు 740 కిలోల బలంతో లాగుతుంది. ఇప్పుడు అదే ఇంజిన్ గట్టు దిగుతూ 3,300 తిరిగిందనుకోండి. వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లే. కానీ ఈ లాగుడు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒకటిన్నర ఇంటూ ఒకటిన్నర, రెండుంపావు రెట్లు. అంటే దాదాపు 1,670 కిలోలు. వేగాన్ని అదుపులో పెట్టే గవర్నర్ డీజిల్ ఆపేసినా లాభం లేదు. ఇంజిన్‌ని తిప్పుతున్నవి చక్రాలు. లోడు లేదు కాబట్టి ఇంజిన్‌కి సుఖంగా ఉందని పైన కూర్చున్న మనిషి అనుకుంటాడు. రాడ్ బోల్టుకు మాత్రం అదే గడ్డుకాలం.

కార్ల పని చేసేవాళ్లు వేరే లెక్క వేసుకోవాలి. పెట్రోల్ ఇంజిన్, 80 మిల్లీమీటర్ల స్ట్రోక్, అర కిలో సామాను, 6,000 తిరుగుళ్లు. లాగుడు ఒక టన్ను దాటుతుంది. అది సెకనుకు 50 సార్లు వచ్చి పోతుంది.

సరే, రైతు ప్రశ్నకు సగం జవాబు వచ్చింది. మిగతా సగం మీ చేతుల్లో తిరుగుతున్న ముక్కల్లో ఉంది. ఎవరు చూశారు? చెప్పు బాబూ, తేడా ఏమిటి?

(ముందు వరసలో కుర్రాడు: ఒకటి నున్నగా ఉంది సార్. ఇంకోటి లాగి తెంపినట్టు, సన్నబడి ఉంది.)

బాగా చూశావు. ఆ సన్నబడిన ముక్క ఒక్క దెబ్బకు తెగింది. బబుల్‌గమ్ లాగినట్టు సాగి, మధ్యలో సన్నబడి తెగింది. దాని తప్పేం లేదు. పక్క బోల్టు పోయేసరికి మొత్తం బరువు దాని మీద పడింది. అసలు దోషి ఆ నున్నటి ముక్క. దాన్ని లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఒక మూల నుంచి గీతలు మొదలై, ఆలుచిప్ప వీపు మీద ఉండే గీతల్లాగా ఒకదాని తర్వాత ఒకటి వెళతాయి. ముప్పావు భాగం అలా నున్నగా ఉంటుంది. చివర ఒక అంచు మాత్రం పంచదార పలుకుల్లా గరుకుగా ఉంటుంది. ఆ నున్నటి భాగమంతా తీరిగ్గా, రోజుల తరబడి చీలుతూ వచ్చింది. చివరికి ఆ గరుకు భాగం ఒక్కటే బోల్టును పట్టుకుని ఉంది. గట్టు మీద తెగింది అది.

దీన్ని లోహపు అలసట అంటారు. 1842లో ఫ్రాన్స్‌లో వెర్సాయ్ దగ్గర ఒక రైలు ఇంజిన్ ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగింది, చాలామంది చనిపోయారు. అప్పటినుంచి ఇంజినీర్లు దీని వెంట పడ్డారు. ఒక్కసారి లాగితే తెగని ఇనుము, అంతకంటే తక్కువ బలంతో లక్షల సార్లు లాగి వదిలితే ఎందుకు తెగుతుంది అని. జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే ఆయన రైలు ఇరుసుల మీద ఏళ్ల తరబడి పరీక్షలు చేసి చూపించాడు. లాగడం, వదలడం మధ్య తేడా ఎంత ఎక్కువైతే ఇనుము అంత తొందరగా తెగుతుంది.

మన బోల్టు ఎన్నిసార్లు లాగించుకుంది? నిమిషానికి 2,200 తిరుగుళ్లంటే 1,100 ఎగ్జాస్ట్ స్ట్రోకులు. రోజుకు పది గంటలు, పదకొండు రోజులు. 72 లక్షలు దాటుతాయి. దమ్ములో ఏమీ కాలేదని మేమిద్దరం అనుకున్నాం. దమ్ములోనే మొదలైంది.

ఇక్కడ మీకు ఒక అనుమానం రావాలి. ప్రతి ఇంజిన్‌లో ప్రతి బోల్టుకూ ఈ లాగుడు ఉంటుంది కదా, మరి అన్నీ ఎందుకు తెగవు? నన్నడిగితే ఈ సాయంత్రం మొత్తానికి అసలు విషయం ఇదే. కొంచెం దగ్గరికి జరగండి.

బోల్టు అంటే మేకు కాదు, స్ప్రింగు. గట్టి స్ప్రింగు. బిగించినప్పుడు అది సాగుతుంది. సాగి, వెనక్కి రావాలని చూస్తూ, క్యాప్‌ని రాడ్‌కి అదిమి పట్టుకుంటుంది. ఒక్కో బోల్టు 3 టన్నుల పట్టుతో అదిమిందనుకోండి, రెండూ కలిసి 6 టన్నులు. బయటి నుంచి ఒకటిన్నర టన్నుల లాగుడు వస్తే ఏమవుతుంది? క్యాప్‌కీ రాడ్‌కీ మధ్య ఉన్న అదుము కాస్త తగ్గుతుంది, అంతే. కీలు విడదు. బోల్టు అప్పటికే సాగి ఉంది కాబట్టి కొత్తగా దానికి తెలిసే తేడా చాలా తక్కువ. తేడా తక్కువైతే అలసట రాదు. లక్షలు కాదు, కోట్ల సార్లయినా తట్టుకుంటుంది.

అదే బోల్టు పట్టు అర టన్నే ఉంటే? ప్రతి ఎగ్జాస్ట్ స్ట్రోకులో క్యాప్ వెంట్రుకవాసి విడుతుంది, మళ్లీ మూసుకుంటుంది. వచ్చిన లాగుడు మొత్తం బోల్టు మీదే. నా ట్రాక్టర్ క్యాప్ అంచులు తర్వాత భూతద్దం పెట్టి చూశాను. రెండు ముఖాలూ ఒకదానికొకటి రాసుకుని అద్దంలా మెరుస్తున్నాయి. గట్టిగా అదిమి ఉన్న ముఖాలు అలా మెరవవు.

కాబట్టి గట్టిగా బిగిస్తే బోల్టు తెగుతుందేమో అనే భయం మనలో చాలామందికి ఉంటుంది, కానీ రాడ్ బోల్టులు ఎక్కువగా తెగేది చాలినంత బిగువు లేకే. అతిగా బిగించినా ప్రమాదమే, దానికీ వస్తాను.

మరి నేను లూజుగా బిగించానా? లేదు. చేతికి బాగా బిగువు తగిలింది, నాకిప్పటికీ గుర్తుంది. అయితే ఆ బిగువు ఎక్కడిది? అది ఇప్పుడు ఈ బెంచి మీద చూద్దాం.

బెంచ్ వైస్‌లో ఒక పాత రాడ్ పట్టించి ఉంది. బోల్టు 10 మిల్లీమీటర్లది, నట్టు ఉన్న రకం, రెండు కొసలూ బయటికి ఉన్నాయి కాబట్టి మైక్రోమీటర్ పెట్టి పొడవు కొలవచ్చు. బిగించక ముందు రీడింగ్ చదువు బాబూ. 62.34. బోర్డు మీద రాయండి. మరలు శుభ్రంగా ఉన్నాయి, నూనె చుక్క లేదు. టార్క్ రెంచ్ 50 న్యూటన్ మీటర్లకు పెట్టాను. నెమ్మదిగా, ఒకే ఊపులో లాగుతున్నాను... క్లిక్‌మంది. ఇప్పుడు చదువు. 62.44. పది పాయింట్లు సాగింది. 0.10 మిల్లీమీటరు.

విప్పేస్తున్నాను. మళ్లీ చదువు. 62.34. చూశారా, స్ప్రింగు స్ప్రింగులాగే వెనక్కి వచ్చింది. ఇప్పుడు మరలకూ, నట్టు కింద కూర్చునే చోటుకూ ఇంజిన్ ఆయిల్ రాస్తున్నాను. రెండు చోట్లా. మళ్లీ అదే 50. క్లిక్. ఎంత? 62.47.

అదే రెంచ్, అదే 50, అదే చెయ్యి. నూనె లేనప్పుడు 10 పాయింట్లు, నూనె ఉన్నప్పుడు 13. పట్టులోకి మారిస్తే మొదటిసారి దాదాపు రెండున్నర టన్నులు, రెండోసారి దాదాపు 3.4 టన్నులు. రెంచ్‌కి ఈ తేడా తెలియదు. ఎందుకంటే మనం పెట్టే బలంలో సగం నట్టు కింద రాపిడికే పోతుంది. ఇంకో 40 శాతం దాకా మరల మధ్య రాపిడికి పోతుంది. బోల్టును సాగదీయడానికి మిగిలేది పదో వంతు. కాబట్టి రాపిడి ఏ కాస్త మారినా, ఆ మిగిలే పదో వంతు తలకిందులవుతుంది.

ఇప్పుడు నా ట్రాక్టర్ బోల్టులు గుర్తు తెచ్చుకోండి. పాత ఆయిల్ కాలి మరల్లో బంకలా పట్టి ఉంది. వైర్ బ్రష్ పెట్టలేదు, డీజిల్‌తో కడిగి ఎక్కించాను. అలాంటి మరల్లో 50 పెట్టినా ఒకటిన్నర, రెండు టన్నుల మధ్యే పట్టు వస్తుంది. నా చెయ్యి 50 పెట్టిందన్న నమ్మకం కూడా లేదు. నా చేతికి తగిలింది బంక బిగువు. బోల్టు బిగువు అనుకున్నాను.

అది చాలదన్నట్టు ఇంకొకటి. ఆ రాడ్ మీద బోల్టు తల కూర్చునే భుజం ఉంటుంది కదా, అక్కడ సుత్తి తగిలి చిన్న బుర్ర, అంటే లోహపు మొన, లేచి ఉంది. తర్వాత చూస్తే అది నలిగి, మెరుస్తూ కనిపించింది. బిగించినప్పుడు తల ఆ బుర్ర మీద కూర్చుంది. ఇంజిన్ తిరిగాక అది నలిగింది. 0.03 మిల్లీమీటరు నలిగిందనుకోండి. ఎంత చిన్నదో కదా! కానీ బోల్టు మొత్తం సాగుడే 0.06, 0.07 అయినప్పుడు, అందులో 0.03 పోతే సగం పట్టు పోయినట్టే. బేరింగు వెనక ఒక ఇసుక రేణువు ఉండిపోయినా ఇదే జరుగుతుంది. గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోయేది. అందుకే బోల్టు తల కింద, క్యాప్ ముఖాల మీద, బేరింగు వెనక వేలితో తడిమి చూడండి. కంటికి కనపడని బుర్ర వేలి చివరకు తగులుతుంది.

(వెనక నుంచి: మేస్త్రి గారూ, మరలకు నూనె రాస్తే వైబ్రేషన్‌కి ఊడి రాదా? మేమైతే స్ప్రింగ్ వాషర్ వేద్దామనుకుంటాం.)

మంచి ప్రశ్న. నట్టు ఊడేది నూనె వల్ల కాదు. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు ఒక యంత్రం మీద దీన్ని చూపించాడు. బిగించిన రెండు ముక్కలు అడ్డంగా అటూ ఇటూ జారితేనే నట్టు తనంతట తాను తిరుగుతుంది. అవి జారకుండా ఆపేది పట్టు ఒక్కటే. నూనె రాయడం వల్ల పట్టు పెరిగింది, ఇప్పుడే చూశావు కదా. స్ప్రింగ్ వాషర్ ఆ బలం కింద చదునుగా అణిగిపోతుంది, ఆ తర్వాత అది చేసేదేమీ ఉండదు. రాడ్ బోల్టుకు కంపెనీ వాషర్ ఇవ్వకపోతే నువ్వు వేయకు. లాక్ చేసే జిగురు కూడా అంతే. మాన్యువల్‌లో రాస్తేనే.

ఏ నూనె రాయాలన్నది కూడా మాన్యువల్ చెబుతుంది. ఇంజిన్ ఆయిల్ అని రాసి ఉన్నచోట మాలిబ్డినం గ్రీజు రాశారనుకోండి, అది ఇంకా జారుడు. అదే 50తో పట్టు 4.6 టన్నుల దాకా వెళ్లొచ్చు. ఇందాక అతిగా బిగించడం గురించి వస్తానన్నాను, ఇదే. బోల్టు తన స్ప్రింగు గుణం దాటి సాగిపోతే, విప్పినా పాత పొడవుకు రాదు. అందుకే పాత బోల్టులను కొలవమంటాను. బిగించక ముందు పొడవు రాసి పెట్టుకోండి, విప్పాక చూడండి. 0.025 మిల్లీమీటరు, అంటే అంగుళంలో వెయ్యో వంతు పెరిగినా ఆ బోల్టు పనికిరాదు. బోల్టు నడుం దగ్గర కాలిపర్ పెట్టి సన్నబడిందేమో కూడా చూడండి. అనుమానం ఉంటే మార్చేయండి. ఇంజిన్ మొత్తం పని ఖర్చులో రాడ్ బోల్టుల ధర ఏపాటిది?

కొన్ని ఇంజిన్లలో అనుమానం దాకా పోనక్కర్లేదు, మార్చే తీరాలి. స్కోడా ఆక్టేవియా 1.9 టీడీఐ చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? దాని రాడ్ బోల్టు 30 న్యూటన్ మీటర్లు, ఆపైన 90 డిగ్రీలు. ఇదేమిటి, సగం రెంచ్, సగం కోణం అని మొదటిసారి నేనూ తికమకపడ్డాను. రాపిడితో వచ్చే గొడవను తప్పించడానికే ఇది. ముందు కొద్దిపాటి టార్క్‌తో అన్నీ సరిగ్గా ఆనుకునేలా చేస్తారు. ఆ తర్వాత రాపిడి ఎంతున్నా సరే, పావు చుట్టు తిప్పు అంటారు. మర పిచ్ ఒకటింపావు మిల్లీమీటరు ఉన్న బోల్టు అయితే, పావు చుట్టుకు 0.31 మిల్లీమీటరు ముందుకు కదిలి తీరుతుంది. మర అబద్ధం చెప్పదు. అందులో కొంత రాడ్ నలగడానికి పోతుంది, మిగతాది బోల్టు సాగుడు. ఇలాంటి బోల్టులను చాలావరకు స్ప్రింగు గుణం అంచు దాటేదాకా కావాలనే సాగదీస్తారు, అక్కడ పట్టు అన్నింటికీ దాదాపు ఒకేలా వస్తుంది కాబట్టి. ఒకసారి అలా సాగిన బోల్టు రెండోసారి పనికిరాదు. కోణాన్ని కంటితో అంచనా వేయకండి. యాంగిల్ గేజ్ లేకపోతే సాకెట్ మీద పెయింటు గీత పెట్టి తిప్పండి.

యూనిట్ల గురించి ఒక్క మాట. పాత ట్రాక్టర్ మాన్యువల్ జెరాక్సుల్లో ఒక పేజీలో కిలోగ్రామ్-మీటర్లు, ఒక పేజీలో ఫుట్ పౌండ్లు ఉంటాయి. ఒక కిలోగ్రామ్-మీటర్ అంటే 9.8 న్యూటన్ మీటర్లు. 50 ఫుట్ పౌండ్లు అంటే 68 న్యూటన్ మీటర్లు. 50 అంకె ఒక్కటే చూసి రెంచ్ తిప్పితే బోల్టు నాలుగో వంతుకు పైగా తక్కువ బిగుస్తుంది. అంకె పక్కన ఏముందో వేలు పెట్టి చదవండి.

క్యాపుల సంగతి మీకు తెలిసిందే, అయినా చెబుతాను. రాడ్‌నీ క్యాప్‌నీ కలిపి బిగించి బోరు చేస్తారు. ఒక రాడ్ క్యాప్ ఇంకో రాడ్‌కి వేస్తే రంధ్రం గుండ్రంగా ఉండదు. నంబర్లు ఒకే పక్కకు రావాలి. ఈమధ్య ఇంజిన్లలో రాడ్‌ని క్యాప్‌తో సహా ఒకే ముక్కగా చేసి, కావాలనే పగలగొట్టి క్యాప్ విడదీస్తారు. పగిలిన గరుకు ముఖాలే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వాటిని గచ్చు మీద ముఖం కిందికి పెట్టకండి, ఎమరీ అసలు రుద్దకండి.

ఇక బిగించే పద్ధతి. నేను చేసేదే చెబుతాను. పిస్టన్ దించేటప్పుడు బోల్టు కొసలకు రబ్బరు గొట్టం ముక్కలు తొడుగుతాను, క్రాంక్ పిన్నుకు గీత పడకుండా. బేరింగు సందును బిగిస్తే నలిగి, నలిగిన వెడల్పుతో సందు ఎంతో చెప్పే ప్లాస్టిగేజ్ తీగతో చూసుకుంటాను. అప్పుడు క్రాంక్ తిప్పకూడదు, తిప్పితే తీగ చెదిరిపోతుంది. ఒక్కసారి వాడే కొత్త బోల్టులుంటే ఈ కొలతకు పాతవే వాడతాను, కొత్తవి పాడుచేసుకోను. తర్వాత అన్నీ తుడిచి, బేరింగుకు ఆయిల్ రాసి, నట్లు రెండూ వేళ్లతో చివరిదాకా తిప్పుతాను. వేళ్లతో తిరగకపోతే అక్కడే ఆగి ఎందుకో చూస్తాను. పానా పెట్టి బలవంతం చేయను.

తర్వాత ఒకటి కొంచెం, రెండోది కొంచెం. సగం టార్క్ దాకా రెండూ, ఆపైన పూర్తిగా రెండూ. ఒకదాన్ని మొత్తం బిగించి రెండోదానికి పోతే క్యాప్ ఒక పక్కకు కూర్చుంటుంది. చివరి లాగుడు ఆగకుండా ఒకే ఊపులో ఉండాలి. మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెడితే, ఆగిన నట్టును కదిలించడానికి ఎక్కువ బలం కావాలి, ఆ బలానికే రెంచ్ క్లిక్‌మంటుంది, నట్టు కదలకుండానే. అలా జరిగితే విప్పి మొదటినుంచి చేయండి. క్లిక్ ఒక్కసారి చాలు. నమ్మకం కోసం మూడు నాలుగు సార్లు క్లిక్‌మనిపించేవాళ్లను చూశాను, ప్రతిసారీ నట్టు ఇంకాస్త జరుగుతుంది. గాలి గన్నుతో రాడ్ బోల్టులు బిగించడం మాత్రం నా షెడ్డులో ఎవరూ చేయరు.

ఒక్కో రాడ్ అయ్యాక క్రాంక్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పి చూస్తాను. నాలుగూ అయ్యాక తిప్పితే పట్టేసింది ఏదో తెలియదు. చివరి టార్క్ పట్టిన నట్టుకు మాత్రమే తెల్ల పెయింటు చుక్క. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ మన షెడ్డుల్లో పని మధ్యలో ఫోన్ మోగుతుంది, కస్టమర్ వస్తాడు, టీ వస్తుంది. తిరిగొచ్చేసరికి మూడో రాడ్ వేళ్ల బిగువుతో ఉందో, పూర్తి టార్క్‌తో ఉందో గుర్తుండదు. చుక్క లేని నట్టు బిగించనట్టే లెక్క, నాకు ఎంత గుర్తున్నా సరే.

రెంచ్‌ని కూడా చూసుకోవాలి. పని అయ్యాక స్ప్రింగు మీద బరువు లేకుండా స్కేలులో కింది అంకెకు తిప్పి పెట్టండి. దాంతో బిగుసుకున్న నట్లు విప్పకండి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఏడాదికోసారి లేదా 5,000 సార్లు వాడాక సరిచూయించాలి. 200 దాకా కొలిచే పెద్ద రెంచ్‌తో 30 కొలవకండి. స్కేలు కింది కొసన దాని మాట నమ్మలేం. షెడ్డుకొకటి కొనలేమంటే నలుగురు కలిసి ఒకటి కొనండి. ఈ వరసలో షెడ్డులన్నీ పక్కపక్కనే కదా.

చేతి అనుభవం పనికిరాదని నేను అనడం లేదు. మర పట్టు తప్పి నలుగుతోందన్నా, నట్టు కిందేదో ఇరుక్కుందన్నా మొదట తెలిసేది చేతికే. నాకు పని నేర్పిన మేస్త్రి బేరింగు అరుగుదలను శబ్దంతో చెప్పేవారు, తప్పేవారు కాదు. కానీ బోల్టు ఎన్ని పాయింట్లు సాగిందో చెప్పే శక్తి ఏ చేతికీ లేదు.

ఆ రైతు దగ్గరికి రెండేళ్ల తర్వాత వెళ్లాను. ఈ ముక్కలు రెండూ జేబులో వేసుకుని వెళ్లాను. అరుగు మీద కూర్చుని, ఇప్పుడు మీకు చెప్పినట్టే చెప్పాను. దమ్ములో మొదలైందని, గట్టు మీద పూర్తయిందని, బోల్టు తల కింద బుర్ర నేను చూడలేదని. ఆయన ఆ నున్నటి ముక్కను ఎండకు పట్టి చాలాసేపు చూశాడు. "అయితే బండి నడిపిన మావాడి తప్పు లేదన్నమాట" అన్నాడు. ఆ రోజు ట్రాక్టర్ మీద ఉన్నది ఆయన కొడుకని నాకు అప్పటిదాకా తెలియదు. రెండేళ్లపాటు ఆ ఇంట్లో ఆ కుర్రాడే మాట పడ్డాడు.

సరే, ఇంక నా మాటలు చాలు. బెంచి మీద నాలుగు బోల్టులు పెట్టాను. రెండు శుభ్రం చేసినవి, ఒకటి బంక పట్టినది, ఒకటి పొడవు పెరిగినది. ఏది ఏదో చెప్పను. కాగితం, పెన్సిలు అక్కడున్నాయి. ఇద్దరిద్దరుగా రండి. ఒకరు బిగించండి, ఒకరు మైక్రోమీటర్ చదవండి. ముందు నువ్వు రా బాబూ. మైక్రోమీటర్ని చేత్తో ఎక్కువసేపు పట్టుకోకు, వేడికి రీడింగ్ మారుతుంది. బిగించక ముందు పొడవు రాశావా?